నేలకూ ఒక పుట్టుక ఉందని చెప్పిన దొకుచాయెవ్

వేసవిలో తెనాలి నుంచి రేపల్లె పోయే దారిలో ఏ మాగాణిలో దిగినా నేల నెర్రెలిచ్చి కనిపిస్తుంది. కొన్నిచోట్ల నెర్రెలో చెయ్యి పెడితే మోచేతి దాకా పోతుంది. నాట్ల రోజుల్లో అదే నేలలో కాలు దిగితే మళ్లీ పైకి తీయనివ్వదు, ముద్దలా పట్టుకుంటుంది. బాపట్ల దాటి సముద్రం వైపు నడిస్తే ఇక మట్టి ఊసే ఉండదు, అంతా ఇసుక. రేపల్లెకు దిగువన నిజాంపట్నం వైపు పోతే ఎండాకాలం నేలమీద తెల్లగా ఉప్పు పొంగుతుంది. ఒక పూట ప్రయాణంలో మూడు రకాల నేలలు. ఈ సంగతి మన కూలిజనానికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఏ నేలలో ఎంత పని సాగుతుందో, ఏ నేలలో నడుం విరుగుతుందో వాళ్ల ఒళ్లే చెబుతుంది.

అయితే ఇలా ఎందుకుంది? ఎండ ఒకటే, వాన ఒకటే, నేల మాత్రం వేరు. ఈ ప్రశ్నకు శాస్త్రీయంగా జవాబు వెతికే దారి వేసినవాడు రష్యా దేశస్థుడు వసీలి దొకుచాయెవ్. ఆయన చనిపోయి నూట ఇరవై ఏళ్లు దాటింది. పల్లెల్లో పనిచేసే కార్యకర్తలు ఆయన జీవితం తెలుసుకోవాలని మేము అనుకుంటున్నాం.

పల్లెటూరి కుర్రాడు

దొకుచాయెవ్ 1846లో స్మొలెన్స్క్ రాష్ట్రంలోని మిల్యూకొవో అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి ఆ ఊరి చర్చి గురువు. అప్పటికి రష్యా రైతు భూస్వామికి కట్టుబానిస. భూమితోపాటు మనుషుల్నీ అమ్ముకునే రోజులవి. 1861లో ఆ బానిసత్వం చట్టం ప్రకారం రద్దయింది. రద్దయితే అయింది గాని, రైతు తన చేతికొచ్చిన కాస్త భూమికీ ఏళ్ల తరబడి వాయిదాలు కట్టాల్సి వచ్చింది. ఆ వాయిదాలు 1907 దాకా పోలేదు.

కుర్రాణ్ణి మత పాఠశాలలో వేశారు. తండ్రి వృత్తే కొడుక్కి రావాలని ఆనాటి పద్ధతి. 1867లో పీటర్స్‌బర్గ్ మత విద్యాలయంలో చేరి, కొద్ది వారాలకే దాన్ని వదిలేసి, విశ్వవిద్యాలయంలో ప్రకృతి శాస్త్రాల్లో చేరాడు. 1871లో చదువు ముగించాడు. మరుసటేడు అక్కడే భూగర్భశాస్త్ర నమూనాలు భద్రపరిచే కొలువులో కుదిరాడు.

గుంట తవ్వి చూశాడు

1873లోనూ 1875లోనూ రష్యా దక్షిణాన వర్షాలు లేక పంటలు పోయాయి. నల్లమట్టి మీద పండే ధాన్యమే ఆ దేశానికి అన్నం. మరి అంత సారవంతమైన మట్టి ఎందుకు మోసం చేసింది? దీన్ని తేల్చమని ఒక వ్యవసాయ సంఘం 1877లో దొకుచాయెవ్‌కు పని అప్పగించింది. ఆయన గది నాలుగు గోడల మధ్య కూర్చోలేదు. 1877, 1878 వేసవుల్లో బళ్లమీదా కాలినడకనా సుమారు పదివేల కిలోమీటర్లు తిరిగాడు. 1881లో మళ్లీ బయల్దేరాడు. పోయినచోటల్లా గుంట తవ్వించి, గోడ నున్నగా చెక్కి, పైనుంచి కిందికి మట్టి పొరలు ఎలా మారుతున్నాయో కొలిచి రాసుకున్నాడు.

అప్పటిదాకా పండితులు నేలను రెండు రకాలుగా చూసేవారు. భూగర్భశాస్త్రవేత్తకు అది పొడైపోయిన రాయి. రసాయనశాస్త్రవేత్తకు అది మొక్కల ఆహారం నిలవ ఉండే కొట్టు. దొకుచాయెవ్ ఈ రెండూ చాలవన్నాడు. నేల అనేది దానంతట అది ఒక ప్రకృతి పదార్థం, దానికి పుట్టుక ఉంది, ఎదుగుదల ఉంది అన్నాడు. అడుగున ఉన్న రాయి లేక ఒండ్రు, పైన ఉన్న ఎండావానా, దానిమీద బతికే చెట్టూ పురుగూ, మిట్టా పల్లం, గడిచిన కాలం – ఈ అయిదూ కలిసి నేలను తయారు చేస్తాయని తేల్చాడు. నల్లమట్టి పాత సముద్రపు బురదనీ, చిత్తడి నేల అవశేషమనీ అప్పట్లో వాదాలుండేవి. అది గడ్డిభూముల్లో వేల ఏళ్లుగా గడ్డివేళ్లు కుళ్లి తయారైన మట్టి అని ఆయన రుజువు చేశాడు. 1883లో ఆ పరిశోధన పుస్తకంగా వచ్చింది. నేలశాస్త్రం ఒక ప్రత్యేక శాస్త్రంగా నిలబడింది ఆనాటినుంచే.

మన రేగడి సంగతి

ఆ నల్లమట్టీ మన నల్లరేగడీ ఒకటేనా? రంగు చూసి పూర్వం కొందరు అలాగే భ్రమపడ్డారు. దొకుచాయెవ్ పద్ధతిలో చూస్తే రెంటి పుట్టుకా వేరు. రష్యా మట్టి నలుపు కుళ్లిన గడ్డి నలుపు. మన రేగడిలో ఆ కుళ్లిన పదార్థం చాలాచోట్ల నూటికి ఒక పాలు కూడా ఉండదు. రేగడి బలమంతా దాని బంకలో ఉంది. మహారాష్ట్ర నల్లరాతి సీమ నుంచి కృష్ణా, దాని ఉపనదులూ తెచ్చిన మెత్తటి ఒండ్రు మన డెల్టాలో పేరుకుంది. ఆ బంక రేణువు మిల్లీమీటరులో అయిదువందలో వంతు కంటే చిన్నది. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. ముడుచుకున్నప్పుడే నెర్రెలు. పైమట్టి ఆ నెర్రెల్లోకి రాలుతుంది. వాన పడగానే లోపల ఉబ్బి మట్టి పైకి తోసుకొస్తుంది. అంటే రేగడి తనను తాను తిరగేసుకునే నేల. నేటి అంతర్జాతీయ వర్గీకరణలో దానికి వెర్టిసాల్ అని పేరు పెట్టింది అందుకే. లాటిన్‌లో ఆ మాటకు తిరగేయడమని అర్థం.

నీటినీ ఎరువునూ పట్టి ఉంచే గుణం కూడా ఈ బంకదే. వరి కోతకు కొద్ది రోజుల ముందు చేలో మినుములు చల్లితే, ఒక్క తడి ఇవ్వకుండా ఆ చెమ్మతోనే పైరు వచ్చేది ఇందుకే. అయితే దుక్కికి పదును రెండు మూడు రోజులే ఉంటుంది. అది దాటితే రాయి. మురుగు పోకపోతే వేరు కుళ్లుతుంది.

మిట్టా పల్లం కూడా నేలను మారుస్తుందన్నాం గదా. గుంటూరు మెట్ట ప్రాంతాల్లో కొండవాలున ఎర్రమట్టి, అక్కడి నుంచి దిగిన పల్లంలో నల్లమట్టి మన కళ్లెదుటే ఉన్నాయి. ఇక బాపట్ల ఇసుక ఒకప్పటి సముద్రపు ఒడ్డు. అందులో దొరువు తవ్వితే పైన మంచినీరు తేలుతుంది. ఆశకొద్దీ లోతుకు తోడితే ఉప్పునీరు ఎగదన్నుతుంది.

పన్ను కోసం కొలిచిన నేల

1882 నుంచి దొకుచాయెవ్ నీజ్నీ నొవ్గొరొద్ రాష్ట్రంలో, ఆ తర్వాత 1888 నుంచి పొల్తావా రాష్ట్రంలో నేలలు వర్గీకరించాడు. ఒకదానికి 14 సంపుటాలు, ఇంకోదానికి 16. ఈ పని ఎందుకు పెట్టారు? భూమి పన్ను సరిగా వేయడానికి. ఎవరి నేల ఎంత విలువైందో భూస్వామి చెప్పిన లెక్కను బట్టి గాక, గుంటలో కనిపించిన మట్టిని బట్టి తేల్చాలని ఆయన పట్టుబట్టాడు. ఆయన విప్లవకారుడేమీ కాడు. కాని ఈ పట్టుదల పేదరైతు పక్షానే పనిచేస్తుంది.

మన దగ్గరా తెల్లదొరలు అదే శతాబ్దంలో నేలలు వర్గీకరించారు. రేగడి, ఎర్రనేల, ఇసుకనేల అని విడగొట్టి, ఒక్కోదాంట్లో మేలు, సాధారణం, నాసి అని తరాలు కట్టారు. వాళ్లకు కావలసింది శిస్తు. చేను దున్నేవాడి మేలు వాళ్ల లెక్కలో లేదు.

నేలకు పెట్టిన పేరుమీద కూలీ బతుకు ఎలా ఆధారపడుతుందో మేమూ కళ్లారా చూశాం. 2005 ఉపాధి హామీ చట్టం కింద మట్టి పనులు జరిగిన రోజుల్లో మెత్తని నేలకు ఒక రేటు, గట్టి నేలకు ఒక రేటు ఉండేవి. ఒక ఊళ్లో ఎండిన రేగడిని, గునపం దిగని నేలను, మెత్తని నేలగా రాశారు. పొద్దున్నుంచీ తవ్వినా కొలతలు రాలేదు, కూలి సగానికి పడింది. వాన కాలంలో మెత్తగా ఉండేదే వేసవిలో గట్టిదని మా ఆడకూలీలు గడ్డ చేతికిచ్చి చూపించాకే మళ్లీ కొలిచారు. అది దొకుచాయెవ్ పద్ధతే. కాగితం చూడకు, గుంట చూడు.

కరువు వచ్చినప్పుడు

1891లో రష్యాలో భయంకరమైన కరువు వచ్చింది. ఆకలికీ కలరా, టైఫస్ రోగాలకీ నాలుగైదు లక్షల మంది బలయ్యారని అంచనా. పంట పోయిందని తెలిసీ జారు ప్రభుత్వం ధాన్యం ఎగుమతి వెంటనే ఆపలేదు. మన గుంటూరు సీమలో 1833 నందన కరువులో అయిదు లక్షల జనంలో రెండు లక్షల దాకా పోయారన్న లెక్క గుర్తుకు తెచ్చుకోండి. వాన లేకపోవడం ఒక్కటే కరువు కాదు.

దొకుచాయెవ్ 1892లో గడ్డిభూముల గత వర్తమానాల మీద ఒక పుస్తకం రాసి, దాన్ని కరువు బాధితుల సహాయం కోసం అచ్చువేయించాడు. చెట్లు కొట్టి, గడ్డిభూమినంతా దున్ని, వాగులకు అడ్డూ ఆపూ లేకుండా చేయడం వల్లే నేల ఎండిపోతోందని అందులో చూపించాడు. ఆ ఏడే వొరోనెజ్ రాష్ట్రంలోని కామెన్నయా స్తెప్‌లో పని మొదలెట్టాడు. పొలాల మధ్య చెట్ల వరసలు వేశారు, చెరువులు తవ్వారు, వాగులు కట్టారు. ఆ చెట్ల వరసలు ఈనాటికీ ఉన్నాయి. మన తీరాన గాలినీ ఇసుకనూ అడ్డుకునే సరుగుడు తోటల వెనకా అదే ఆలోచన ఉంది.

అదే కాలంలో ఆయన నొవో అలెక్సాంద్రియా వ్యవసాయ విద్యాలయాన్ని నడిపి, నేలశాస్త్రానికి అక్కడ ప్రత్యేక శాఖ పెట్టించాడు. దానికి పెద్దగా శిష్యుడు సిబిర్త్సెవ్‌ను నిలబెట్టాడు. అతిశ్రమతో ఆరోగ్యం చెడింది. 1897లో భార్య క్యాన్సర్‌తో చనిపోయింది. 1900లో సిబిర్త్సెవ్‌ను క్షయ తీసుకుపోయింది. చివరి ఏళ్లు మనోవ్యాధితో గడిపి, 1903లో దొకుచాయెవ్ కన్నుమూశాడు. ఆయన మరో శిష్యుడు వెర్నాద్‌స్కీ ప్రపంచ ప్రసిద్ధ శాస్త్రవేత్త అయ్యాడు.

మనకేం పని?

బాపట్లలో 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది. చౌడు నేలల మీద, ఉప్పునీటి మీద అక్కడ పరిశోధన సాగుతోంది. 1977 నవంబరు ఉప్పెన తర్వాత ఉప్పు పట్టిన చేలను చూసినవాళ్లకు ఆ పరిశోధన విలువ తెలుసు. ఉప్పు కడగాలంటే మంచినీరు పెట్టాలి, ఆ నీరు పోవడానికి మురుగు కాలవ ఉండాలి. కాలవ పూడిపోతే, పక్కనే రొయ్యల చెరువులో ఉప్పునీరు నిలిస్తే, ఏ కార్డులో ఏం రాసినా నేల బాగుపడదు. భూసార కార్డులు 2015 నుంచి ఇస్తున్నారు. మేము తిరిగిన ఊళ్లలో ఎక్కువగా అవి పట్టాదారు పేరు మీదే ఉన్నాయి. ఆ పట్టాదారు పట్నంలో ఉంటాడు. దున్నే కౌలుదారుకు తన కాళ్లకింది మట్టిలో ఏముందో ఆ కాగితం ద్వారా తెలియదు. ఈ ఫలితం దున్నేవాడి చేతికి రావాలి. ఇది అడగాల్సిన విషయం.

ఈలోగా మనం చేయగలిగింది ఉంది. మోకాటి లోతు గుంట తవ్వి పొరలు చూడండి. పిడికెడు మట్టి తడిపి చేతిలో పేనండి. తాడు కాకుండా రాలిపోతే ఇసుక. తాడై, వంచితే పగిలితే మధ్యరకం. చుట్ట చుట్టినా పగలకపోతే బంకనేల. ఇది చూసి రాసుకోండి. రేపు కూలి రేటు మాట్లాడేటప్పుడు, మురుగు కాలవ అడిగేటప్పుడు, కౌలు బేరమాడేటప్పుడు ఆ రాత మన చేతిలో ఉండాలి.