డిగ్రీ లేని ప్రొఫెసర్ – జార్జ్ బూల్

జార్జ్ బూల్ 1815 నవంబరు 2న ఇంగ్లండ్‌లోని లింకన్ పట్టణంలో జన్మించారు. తండ్రి బూట్లు కుట్టేవారు. ఆయనకు లెక్కలన్నా, దుర్భిణులన్నా ప్రాణం. వ్యాపారం మాత్రం సాగలేదు. అందుకే బూల్ 16 ఏళ్లకే పంతులై ఇంటి బరువు మోశారు. 19 ఏళ్లకు సొంతంగా బడి పెట్టారు. యూనివర్సిటీ గడప తొక్కకుండా పై లెక్కలు తనంతట తానే నేర్చుకున్నారు. 1844లో రాయల్ సొసైటీ పతకం అందుకున్నారు. 1849లో, ఏ డిగ్రీ లేకుండానే, ఐర్లండ్‌లోని కార్క్ కాలేజీలో గణిత ప్రొఫెసర్ అయ్యారు.

1855లో మేరీ ఎవరెస్ట్‌ను పెళ్లాడారు. 1818లో సర్వే పనికి మన హైదరాబాద్ వచ్చిన జార్జ్ ఎవరెస్ట్, మేరీ తండ్రి అన్నదమ్ములే. శిఖరానికి పెట్టింది ఆ ఎవరెస్ట్ పేరే.

బూల్ 1854లో తెచ్చిన పుస్తకం ఆలోచనను లెక్కగా మార్చింది. ఆ లెక్కలో దేన్నైనా దానితోనే గుణిస్తే మళ్లీ అదే రావాలి. అంకెల్లో అలా వచ్చేవి 0, 1 మాత్రమే. 1937లో క్లాడ్ షానన్ అనే అమెరికా విద్యార్థి ఈ లెక్కను విద్యుత్ స్విచ్‌లకు అన్వయించి చూపారు.

బొమ్మలను తీగలతో కలిపి ప్రోగ్రాం తయారుచేసే ల్యాబ్‌వ్యూలో ఔను-కాదు విలువలకు 'బూలియన్' అనే పేరు ఈయనదే. అందులో ఒక బైట్‌ను బూలియన్ వరుసగా మార్చేటప్పుడు మనం ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 6ను ఎనిమిది బిట్లలో 00000110 అని రాస్తాం. తెరమీద మాత్రం ఎడమ నుంచి 01100000 అని వస్తుంది. అది తప్పు కాదు. ఒకట్లు, పదులు, వందలు అని మనం కుడినుంచి లెక్కపెట్టినట్టే, అదీ అతి చిన్న స్థానాన్ని సున్నా నంబరు గడిలో మొదట పెడుతుంది. అది తెలియక ఎడమ నుంచి మామూలుగా చదివితే 6 కాస్తా 96 అవుతుంది. రాసుకునే పద్ధతిలోనే కావాలంటే వరుసను తిరగేసే బొమ్మ ఒకటి కలిపితే చాలు. హాజరు చివరి వరుస నుంచి పిలిచినా ఎవరి నంబరు వారిదే కదా!

1864లో బూల్ వానలో తడుస్తూ కాలేజీకి నడిచి వెళ్లి, ఆ తడి బట్టలతోనే పాఠం చెప్పారు. న్యుమోనియా సోకి డిసెంబరు 8న కన్నుమూశారు. అప్పటికి 49 ఏళ్లు.

బండి ఆత్మకూరు హాస్టల్ మిత్రులారా! మనలో చాలామందిమి ఇంట్లో మొదటి డిగ్రీ కోసం చదువుతున్నవాళ్లమే. బూల్‌కు ఆ డిగ్రీ కూడా లేదు, మనకున్న హాస్టల్ కూడా లేదు. కంప్యూటర్‌లో ఆయన పేరు కనిపించినప్పుడల్లా, బూట్లు కుట్టే ఇంటి బిడ్డ అంత దూరం వచ్చాడని తలచుకుందాం. మనమూ చదువుదాం.