సండే స్కూల్లో మొదలైన స్కౌటు బాట

ఫిబ్రవరి 22 బేడెన్ పావెల్ పుట్టినరోజు. ఆదోని, ఎమ్మిగనూరు వైపు స్కౌటు యూనిట్ ఉన్న బడుల్లో మెడకు స్కార్ఫు కట్టుకుని నిలబడే పిల్లలకు ఆ పేరు తెలుసు. ఆ మనిషి ఎవరో, ఎలా బతికాడో తెలిసినవాళ్లు తక్కువ. మన సంఘాల్లో ఇంకా తక్కువ. అందుకే ఈ వారం ఆయన గురించి రాస్తున్నాం.

ఆయన 1857లో లండన్‌లో పుట్టాడు. తండ్రి రెవరెండ్ బేడెన్ పావెల్ దైవసేవకుడు, ఆక్స్‌ఫర్డ్‌లో రేఖాగణితం ఆచార్యుడు. కొడుక్కి మూడేళ్లప్పుడే ఆయన కన్నుమూస్తే తల్లి హెన్రియెట్టా పిల్లలందరినీ ఒక్కతే పెంచింది. చార్టర్‌హౌస్ బడిలో కుర్రవాడికి తరగతి గది కంటే పక్కనున్న అడవి తోపు మీదే మనసు. 1876లో సైన్యంలో చేరి పంతొమ్మిదేళ్ల వయసులో మన దేశానికి, లక్నోకు వచ్చాడు. జాడలు పట్టడం, దారి గుర్తుంచుకోవడం సిపాయిలకు నేర్పుతూ పేరు తెచ్చుకున్నాడు.

ఆయన్ని ప్రపంచమంతా ఎరిగింది దక్షిణాఫ్రికాలోని మాఫెకింగ్ ముట్టడితో. 1899 అక్టోబరు నుండి 1900 మే వరకు 217 రోజులు ఆ ఊరిని శత్రువులకు దక్కనివ్వలేదు. పెద్దవాళ్లను కాపలాకు పంపాలంటే కబుర్లు మోసేవాళ్లు కావాలి. ఆయన కింది అధికారి ఎడ్వర్డ్ సెసిల్ ఊళ్లోని చిన్న పిల్లలను ఒక దళంగా చేర్చాడు. వాళ్లు మొదట గాడిదల మీద, తరువాత సైకిళ్ల మీద తిరిగి ఉత్తరాలు అందించారు. నమ్మి పని అప్పగిస్తే పిల్లలు నిలబడతారని బేడెన్ పావెల్‌కు అర్థమైంది అక్కడే. అయితే ఆ ముట్టడిలో తిండి పంపకం నల్లవాళ్లకు న్యాయంగా జరగలేదనీ, ఆకలితో చాలామంది చనిపోయారనీ చరిత్రకారులు రాశారు. వీరుడి కథ చెప్పేటప్పుడు ఈ మాట దాచడం మాకు ఇష్టం లేదు.

ఇక్కడ మన పాఠకులు గమనించవలసిన సంగతి ఒకటుంది. స్కౌటు ఉద్యమం వెనుక ఒక సండే స్కూల్ టీచరు ఉన్నాడు. గ్లాస్గోలో విలియం స్మిత్ అనే ఆయనకు తన క్లాసులోని అల్లరి మగపిల్లలను కూర్చోబెట్టడం చేతకాలేదు. ఊరికే కూర్చోబెట్టడం మానేసి 1883లో వాళ్లకు డ్రిల్లు, ఆటలు, బైబిలు పాఠం కలిపి బాయ్స్ బ్రిగేడ్ పెట్టాడు. 1904లో ఆ పిల్లల కవాతు చూడడానికి వచ్చిన బేడెన్ పావెల్ ముచ్చటపడ్డాడు. సిపాయిల కోసం రాసిన పుస్తకాన్ని పిల్లలకు తగ్గట్టు మార్చి రాయమని స్మిత్ ఆయనకు సలహా ఇచ్చాడు. ఆ టీచరు లేకపోతే మనకు స్కౌట్లు ఉండేవారో లేదో!

1907 ఆగస్టులో బ్రౌన్‌సీ అనే చిన్న దీవిలో ఇరవైమంది పిల్లలతో మొదటి క్యాంపు జరిగింది. పెద్దింటి బడుల పిల్లలు సగం, బాయ్స్ బ్రిగేడ్ నుండి వచ్చిన పనివాళ్ల పిల్లలు సగం. రుసుము కూడా అలాగే: ఉన్నవాళ్లకు ఒక పౌను, లేనివాళ్లకు మూడున్నర షిల్లింగులు. కానీ గుడారాల్లో ఆ తేడా కనబడనివ్వలేదు. నాలుగు జట్లు చేసి అందరినీ కలిపేశాడు. ఒకే పొయ్యి మీద వండుకున్నారు. మన ఊళ్లలో ఒకే పొయ్యి అంటే ఎంత మాటో చెప్పనక్కర్లేదు.

మరుసటి ఏడు 'స్కౌటింగ్ ఫర్ బాయ్స్' వచ్చింది. రోజుకొక మంచిపని చేయాలి, దానికి కూలి తీసుకోకూడదు అన్నది అందులోని నియమం. లండన్ పొగమంచులో దారి తప్పిన ఒక అమెరికన్ వ్యాపారిని ఒక స్కౌటు గమ్యం చేర్చి, డబ్బు తీసుకోకుండా వెళ్లిపోయాడని చెప్పుకుంటారు. ఆ వ్యాపారి బాయిస్ 1910లో అమెరికాలో స్కౌటు సంఘం పెట్టాడు. ఆ అబ్బాయి పేరు ఇప్పటికీ ఎవరికీ తెలియదు. కొండమీది ప్రసంగం చదివినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

మన దేశంలో 1909లో బెంగుళూరులో మొదటి దళం ఏర్పడింది. అయితే అది తెల్లవారి, ఆంగ్లో ఇండియన్ల పిల్లలకే. మన పిల్లలకు ప్రవేశం లేదు. 1917లో మద్రాసులో అనీబిసెంట్ వేరే సంఘం పెట్టి, తలపాగాలతో, దేశభాషల పాటలతో మన పిల్లలను నడిపించింది. 1921లో బేడెన్ పావెల్ స్వయంగా వచ్చాక ఆమె సంఘం ఆయన సంఘంలో కలిసింది. అప్పుడు ఆదోని మద్రాసు ప్రెసిడెన్సీలో, బళ్లారి జిల్లా కింద ఉండేది. 1937లో ఆయన మళ్లీ వచ్చాడు. తిరిగి వెళ్లాక భారతీయుల గుణం గురించి తక్కువ చేసి రాయడంతో 1938లో చాలామంది విడిపోయి హిందుస్థాన్ స్కౌట్స్ పెట్టుకున్నారు. ప్రపంచమంతా సోదరులని పిల్లలకు నేర్పిన మనిషి చేయవలసిన పని కాదది. ఆ గాయం మానింది స్వాతంత్ర్యం తరువాత, 1950 నవంబరు 7న ఆ స్కౌటు సంఘాలు భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌గా ఒకటైనప్పుడు. అప్పటికి ఆయన లేడు. 1941 జనవరి 8న కెన్యాలోని న్యేరిలో కన్నుమూశాడు. సమాధి రాతి మీద ఒక సున్నా, దాని మధ్య చుక్క చెక్కారు. వెళ్లే దారిలో స్కౌటు ఆ గుర్తు వేస్తే, ఇంటికి వెళ్లిపోయాడని వెనుక వచ్చేవాళ్లకు అర్థం.

మన ప్రాంతం మాటకొస్తే, ఆ 1938లోనే ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప నేతగాళ్లను కూడగట్టి సహకార సంఘం నిలబెట్టాడు. స్కార్ఫు లేకుండానే అది సేవ. అందుకే యూనిఫారం, బ్యాడ్జీ, సర్టిఫికెట్ దగ్గరే ఆగిపోయే స్కౌటింగ్ అంటే మాకు పెద్ద గౌరవం లేదు. ఫోటో కోసం చీపురు పట్టుకోవడం పిల్లలకు నేర్పేది పెద్దలమే.

పని మాత్రం ఎదురుగానే ఉంది. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు పల్లెల నుండి ఏటా సుగ్గికి గుంటూరు వైపు మిరపకోతలకు కుటుంబాలు కదిలిపోతాయి. కొందరు పిల్లలు బడి మాని వెంట వెళతారు, కొందరు అవ్వాతాతల దగ్గర మిగులుతారు. వెళ్లినవాళ్లు తిరిగొచ్చేసరికి పాఠాలు చాలా దూరం పోయి ఉంటాయి. మన సండే స్కూల్ పెద్ద పిల్లలు సాయంత్రం ఒక గంట అలాంటి ఒక్కొక్కరి పక్కన కూర్చుని చదివించగలరు. చర్చి గదిలో లైటు వేస్తే చాలు. ఏ సంఘం పిల్లవాడని అడగవద్దు. కాపరులు, యౌవనస్థుల నాయకులు ఈ నెలలోనే తమ ఊళ్లో అలాంటి పిల్లలు ఎందరున్నారో పేర్లు రాసి పెట్టుకోవాలని కోరుతున్నాం.