శ్రీ కుందకుందాచార్యులు

దిగంబర జైన గృహములలో మంగళము పఠించునప్పుడు మహావీరస్వామి, గౌతమ గణధరుల పిమ్మట స్మరింపబడు నామము కుందకుందాచార్యులది. ఆ మహనీయులు మన తెలుగునాటివారని ఎరిగినవారు కొలదిమందియే. అనంతపురము జిల్లాలో గుంతకల్లుకు సమీపముననున్న కొనకొండ్లయే వారి గ్రామమని శాసన పరిశోధకులు గుర్తించిరి. వారి దీక్షానామము పద్మనంది. ఊరి పేరే వారికి ప్రసిద్ధ నామమైనది. అచ్చటి రససిద్ధుల గుట్టపై జిన ప్రతిమలు నేటికిని గలవు.

వారు క్రీస్తు శకారంభమున నుండిరని సంప్రదాయము. కొన్ని శతాబ్దముల తరువాతివారని కొందరు పండితుల మతము. వారి జీవిత విశేషములు కథారూపముననే మనకు దక్కినవి. పూర్వజన్మమున వారొక వర్తకుని యింట పశువుల కాపరియట. దావానలమున అడవి యంతయు కాలిపోగా, నడుమ కొన్ని చెట్లు పచ్చగా నుండుట చూచి, ఆ బాలుడు అచ్చటికి పోయి ఆగమ గ్రంథముల పెట్టెను కనుగొనెను. దానిని భక్తితో కాపాడి, పిదప ఒక మునికి సమర్పించెను. ఆ పుణ్యమున అదే వర్తకునికి పుత్రుడై జన్మించెనని కథ. దొరకిన నిధిని తనదనుకొనక అర్హునికి అప్పగించుటయే ఆ కథలోని సారము.

ఇల్లు విడచి మునియైన ఆచార్యులు సమయసారము, ప్రవచనసారము, పంచాస్తికాయము, నియమసారము మొదలగు గ్రంథములను ప్రాకృతమున రచించిరి. తత్త్వము గహనమైనను దృష్టాంతములు మన అంగళ్లలోనివే. పరుల వస్తువని తెలిసిన వెంటనే మనుష్యుడు దానిని విడచునట్లు, జ్ఞాని రాగద్వేషములను తనవి కావని యెరిగి విడచునని వారు బోధించిరి. పదవ శతాబ్దపు వ్యాఖ్యాత అమృతచంద్రుడు దీనినే చాకలి యింటినుండి పొరపాటున తెచ్చుకొన్న వస్త్రముతో పోల్చి విస్తరించెను. సొంతదారు వచ్చి గుర్తు చూపినచో మారుమాటాడక ఇచ్చివేయుదుము, అందు నష్టమేమున్నది? బంగారమును ఎంత కాల్చినను అది తన స్వభావమును విడువనట్లు, కష్టములు వచ్చినను జ్ఞాని తన జ్ఞానమును కోల్పోడనియు ఆచార్యులు చెప్పిరి.

త్యాగమనగా హృదయమును రాయి చేసికొనుట కాదు. ఆకలిదప్పులచే బాధపడు ప్రాణిని చూచి దుఃఖించి ఆదుకొనుటయే అనుకంప యని పంచాస్తికాయము తెలుపును. శత్రుమిత్రులను, స్తుతినిందలను, మట్టిబెడ్డను బంగారమును సమముగా చూచుట శ్రమణ లక్షణమని ప్రవచనసారము తెలుపును.

ఈ బోధ ఆచార్యుల పిదప పెక్కు శతాబ్దములకు ఉత్తరదేశమున ఒక వర్తకుని జీవితమును మార్చినది. జౌన్‌పూరున రత్నవర్తకుల వంశమున 1586లో జన్మించిన బనారసీదాసు వ్యాపారమున పలుమార్లు నష్టపోయెను. తొమ్మండుగురు బిడ్డలను పోగొట్టుకొనెను. సమయసారమును మొదట చదివినప్పుడు దానిని అపార్థము చేసికొని నిత్యాచారములను సైతము విడచెను. తరువాత పండితుల సాంగత్యమున సరియైన భావము గ్రహించి, 1636లో దానిని హిందీ పద్యములుగా రచించెను. 1641లో వ్రాసిన ఆత్మకథయందు తన నష్టములను, తప్పులను ఏమియు దాచక చెప్పెను. దుఃఖము రాకుండుట శాంతి కాదు. వచ్చిన దుఃఖమును ఉన్నదున్నట్లు చూడగలుగుటయే శాంతి యని ఆ జీవితము చాటుచున్నది.

ఆచార్యులు భూమికి నాలుగంగుళముల పైన సంచరించెడివారని శ్రవణబెళగొళ శాసనమొకటి వర్ణించును. లోపలను వెలుపలను వారికి ధూళి అంటలేదని దాని భావము. మనము ధూళిలోనే నడచువారము. అంగడి, అప్పులు, సంసారము మనకు తప్పవు. అయినను దీపావళికి క్రొత్త ఖాతాలు తెరచునప్పుడు, పాత పగలను ఒక్కటొక్కటిగా కొట్టివేయుట మన చేతిలోని పని. బెంగుళూరునుండి గుంతకల్లు మార్గమున పోవువారు ఒక పూట ఆగి, పిల్లలకు ఆ గుట్టను చూపి, ఆచార్యుల చరిత్రను చెప్పుదురు గాక.