నూలు పట్టిన చేతులు

మా జ్యోతినగర్ క్వార్టర్లలో మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక ఊలు ఉండలు బయటికొస్తాయి. రామగుండం ఎండలకి స్వెట్టర్లేమిటని మగవాళ్లు నవ్వుతారనుకోండి! ఆ అల్లిక సూదులు చూసినప్పుడల్లా నాకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గుర్తొస్తారు.

1909లో రాజమండ్రిలో పుట్టి, కాకినాడలో పెరిగారావిడ. ఎనిమిదో ఏటే పెళ్లి చేసేశారు. ఊహ తెలిశాక ఆ కాపురం తనకొద్దని, భర్తను మరో పెళ్లి చేసుకోమని చెప్పేశారు. ఆ రోజుల్లో ఎంత తెగువ! 1921లో గాంధీగారు కాకినాడ వచ్చేనాటికి పన్నెండేళ్ల పిల్ల. విదేశీ బట్టలు మంటల్లో వేసి ఖద్దరు కట్టారు. 1923 కాంగ్రెస్ మహాసభలప్పుడు ప్రదర్శన గేటు దగ్గర కాపలా ఉండి, టిక్కెట్టు లేదని నెహ్రూగారినే ఆపేశారు.

ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లొచ్చాక మళ్లీ పుస్తకాలు పట్టి లా దాకా చదివారు. మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించి, ఆడవాళ్లకి చదువుతో పాటు చేతిపనులూ నేర్పించారు. రాజ్యాంగ సభ సభ్యత్వం, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు తొలి అధ్యక్ష పదవి, పద్మవిభూషణ్... ఇవన్నీ మన పిల్లల పాఠాల్లో ఉన్నవే. 1981లో కన్నుమూశారు.

పాఠాల్లో లేనిది మరొకటుంది. ఆ మొదటి భర్త పోయాక ఆయన రెండో భార్య దిక్కులేనిదైంది. మరొకరైతే మనకెందుకులే అనుకుందురు. దుర్గాబాయి ఆవిడ్ని చేరదీసి చేతిపని నేర్పించారు. తర్వాత ఆవిడ హైదరాబాదులో చేతిపనుల టీచరయ్యారు. నెల తిరిగేసరికి తన జీతం తనే తెచ్చుకున్నారు.