ఇమామ్ గజాలీ (రహ్మ): పాండిత్యం నుండి ఏకాగ్రత వరకు

హజ్రత్ ఇమామ్ గజాలీ గారి పేరు వినని ముస్లిం కుటుంబం ఉండదు. ఆయన ఫార్సీలో రాసిన కీమియాయె సఆదత్‌కు ఉర్దూ అనువాదం మన పెద్దల అలమారాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. అయితే పుస్తకం తెలిసినంతగా ఆ పుస్తకం వెనుకనున్న మనిషి మనకు తెలియదు. అందుచేత ఆయన జీవితాన్ని, ముఖ్యంగా ఆయన మనసుకు కలిగిన మార్పును, పాఠకుల ముందుంచుతున్నాము.

ఆయన హిజ్రీ 450, అనగా క్రీ.శ. 1058లో ఖురాసాన్ ప్రాంతంలోని తూస్‌లో జన్మించారు. అది నేటి ఇరాన్‌లో మష్హద్ నగరానికి దగ్గర. తండ్రి ఉన్ని వడికి అమ్ముకునే పేదవారు. తనకు చదువు రాలేదనే బాధ ఆయనకు ఉండేదట. చనిపోయే ముందు ముహమ్మద్, అహ్మద్ అనే తన ఇద్దరు కొడుకుల్నీ, ఉన్న కాస్త సొమ్మునూ ఒక సూఫీ మిత్రునికి అప్పగించి, వీళ్ళను చదివించమని కోరారు. కొన్నాళ్ళకు సొమ్ము అయిపోయింది. మదర్సాలో చేరితే చదువుతో పాటు కూడు కూడా దొరుకుతుందని ఆ మిత్రుడు సలహా ఇచ్చారు. ఆ విధంగా అన్నం కోసం మదర్సా గడప తొక్కిన పిల్లవాడే మన ఇమాం గారు.

చదువు రోజుల్లో జరిగిన ఒక సంగతిని చరిత్రకారులు చెబుతారు. జుర్జాన్ నుండి తిరిగి వస్తుండగా దొంగలు పడి, ఆయన పాఠాలు రాసుకున్న కాగితాలు కూడా పట్టుకుపోయారు. వెంటపడి బతిమాలితే, కాగితాలు పోగానే పోయే చదువు ఏం చదువని దొంగల నాయకుడు నవ్వాడట. ఆ మాట గుచ్చుకొని, మూడేళ్ళు కూర్చుని అంతా కంఠస్థం చేశారు. తర్వాత నిషాపూర్‌లో ఇమాముల్ హరమైన్ జువైనీ గారి వద్ద, 1085లో ఆ గురువుగారు మరణించే వరకు ఉన్నారు. 1091లో, ముప్పైమూడేళ్ళ వయసులో, వజీరు నిజాముల్ ముల్క్ ఆయనను బాగ్దాదు నిజామియా మదర్సాకు ముదర్రిస్‌గా నియమించారు. ఆయన పాఠానికి సుమారు 300 మంది విద్యార్థులు కూర్చునేవారు.

ఇంత గౌరవం ఉండగా 1095లో ఒక వింత జరిగింది. తాను పాఠం చెప్పేది అల్లాహ్ కోసమా, పేరు కోసమా అని ఆయన తన్ను తాను ప్రశ్నించుకున్నారు. పేరు కోసమేనని మనసు ఒప్పుకుంది. వదిలి వెళ్దామని ఉదయం నిశ్చయించుకుంటే సాయంత్రానికి ఆ నిశ్చయం కరిగిపోయేది. ఆరు నెలలు ఇదే వరస. చివరికి నాలుక కట్టుపడిపోయి, తరగతిలో ఒక్క మాట కూడా పలకలేకపోయారు. గుక్కెడు నీళ్ళు, ముద్ద అన్నం దిగేది కాదు. ఇది శరీరానికి వచ్చిన జబ్బు కాదు, దిల్‌లో పుట్టిన జబ్బు, మందు లేదని హకీములు చెప్పేశారు.

అప్పుడాయన బాగ్దాదు వదిలారు. భార్యాబిడ్డలకు సరిపడినంత ఉంచి, మిగతా ధనమంతా పంచిపెట్టి మరీ వెళ్ళారు. ఈ విషయాన్ని ప్రత్యేకంగా చెబుతున్నాము. మా ఎరుకలో ఒకాయన, పేరు వద్దు, హాల్ వస్తుందని ఊళ్ళు పట్టి తిరుగుతుంటే ఇంట్లో పిల్లల ఫీజు కట్టేవాడు లేకపోయాడు. గజాలీ గారి దారి అది కాదు.

డమాస్కస్‌లో ఆయన సుమారు రెండేళ్ళున్నారు. అక్కడి ఉమయ్యద్ జామె మసీదు మీనారు ఎక్కి, తలుపు వేసుకొని పగలంతా జిక్ర్‌లో, మురాఖబాలో గడిపేవారు. తర్వాత బైతుల్ మఖ్దిస్, హెబ్రోన్, హజ్ యాత్ర. హెబ్రోన్‌లో హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) సమాధి వద్ద, ఇకపై రాజుల సొమ్ము ముట్టను, దర్బారుకు పోను, వాదాలు చేయనని ప్రతిజ్ఞ పట్టారు.

ఏకాంతంలో ఆయన తెలుసుకున్నదేమిటి? సూఫీల పుస్తకాలన్నీ అప్పటికే చదివేశారు. చదవడం వేరు, రుచి చూడడం వేరు అని అప్పుడు అర్థమైంది. ఆరోగ్యం అంటే ఏమిటో వివరించగల హకీము తానే మంచాన పడి ఉండవచ్చు. మత్తు గురించి అంతా తెలిసినవాడు ఏనాడూ మత్తెక్కినవాడు కాకపోవచ్చు. దీన్నే ఆయన జౌఖ్, అనగా రుచి, అన్నారు. అయితే పిల్లల పిలుపు, ఇంటి అవసరాలు ఆయనను మళ్ళీ స్వస్థలానికి లాగాయి. సంసారపు చీకాకుల మధ్య ఆ నిర్మలమైన స్థితి తనకు అప్పుడప్పుడు మాత్రమే దొరికేదని ఆయనే రాసుకున్నారు. అయినా ఆశ వదలలేదట. అంతటి ఇమాంకే అప్పుడప్పుడైతే, మనం నిరాశపడనక్కరలేదు.

ఈ అనుభవంతోనే 40 భాగాల ఇహ్యా ఉలూముద్దీన్ తయారైంది. నమాజులో హృదయం హాజరు కావడం గురించి అందులో విస్తారంగా ఉంది. క్లాసులో మేము హాజరు పిలుస్తాము. పిల్లవాడు హాజర్ జనాబ్ అంటాడు, మనసు గోళీల దగ్గర ఉంటుంది. పిల్లవాణ్ణి కోప్పడే మేమే, నమాజులో నిలబడి దిద్దవలసిన పేపర్లు లెక్కపెట్టుకున్న రోజులున్నాయి. ఇమాం గారి మందు సులువు: నోట పలికేదాని అర్థం మీద మనసు నిలపడం, చెదరగొట్టే వస్తువును ఎదుట నుండి తీసేయడం. ఇంకా, వ్యాపారి పొద్దున భాగస్వామితో షరతు చేసుకొని రాత్రి లెక్క చూసినట్లు, మన నఫ్స్‌తో మనం పొద్దున షరతు, పగలు కాపలా, రాత్రి లెక్క పెట్టుకోవాలి.

పరవశంలో కొందరు హద్దు మీరి మాట్లాడతారు. అటువంటి మాటలు దాచవలసినవే గాని చాటవలసినవి కావని కూడా ఆయన హెచ్చరించారు.

1106లో వజీరు కోరగా ఆయన నిషాపూర్‌లో మళ్ళీ పాఠం చెప్పారు. ఇదివరకు పేరు తెచ్చే విద్య నేర్పాను, ఇప్పుడు పేరు వదలగొట్టే విద్య నేర్పుతున్నాను అనేది ఆయన భావం. చివరికి తూస్ చేరి, ఇంటి పక్కనే మదర్సా, ఖాన్‌ఖా నడిపారు. 1111 డిసెంబరులో ఒక సోమవారం ఫజ్ర్ వేళ వుజూ చేసి నమాజు చదివి, కఫను తెప్పించి కళ్ళకద్దుకొని, ఖిబ్లా వైపు కాళ్ళు చాచి కన్నుమూశారని తమ్ముడు అహ్మద్ గారు చెప్పినట్లు గ్రంథాల్లో ఉంది.

మీనారు ఎక్కడం అందరికీ కుదరదు. ఇంటి బాధ్యత చూసుకుంటూనే, ఈ రాత్రి ఇషా నమాజులో ఒక్క రకాతులోనైనా మనసు హాజరైతే మన ప్రయత్నం మొదలైనట్లే. అల్లాహ్ మనందరికీ ఆ తౌఫీఖ్ ప్రసాదించుగాక. ఆమీన్.