ముగియని అజ్ఞాతవాసం

రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా అన్నది మన పెద్దల సామెత. మరి జనమే రాజును బోనులో నిలబెట్టాలని తలచుకుంటే? అలా తలచుకున్నవారిలో ఒకాయన, ఆ పని చేసిన పాపానికో పుణ్యానికో, ఇల్లూ వాకిలీ వదిలి అమెరికా వచ్చి, మారుపేరుతో బతికి, ఇక్కడి మట్టిలోనే కలిసిపోయాడు. పేరు జాన్ డిక్స్‌వెల్. మనలాగే సముద్రాలు దాటి వచ్చిన ఈ మనిషి కథ మనం తెలుసుకోదగ్గదే అనిపించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

వీధుల పేర్లను మనం పెద్దగా పట్టించుకోం. మా నేపర్‌విల్‌లో నేపర్ బుల్వార్డ్ మీద రోజూ కారు నడిపేవాళ్ళలో, 1831లో ఈ ఊరికి పునాది వేసిన జోసెఫ్ నేపర్ గురించి ఎందరు ఆలోచిస్తారు? నేనూ ఆలోచించలేదు. మా అమ్మాయికి కాలేజీలు చూపిస్తూ కనెక్టికట్‌లోని న్యూ హేవెన్ వెళ్ళినప్పుడు మాత్రం, యేల్ యూనివర్సిటీ పక్కన బ్రాడ్‌వే దగ్గర కలిసే మూడు రోడ్ల పేర్లు నన్ను ఆపాయి. వేలీ ఎవెన్యూ, గాఫ్ స్ట్రీట్, డిక్స్‌వెల్ ఎవెన్యూ. ముగ్గురూ ఒక రాజుకు మరణశిక్ష వేసిన న్యాయమూర్తులని తెలిసి ఆశ్చర్యపోయాను. ఇంటికి వచ్చాక లైబ్రరీ పుస్తకాల్లో వాళ్ళ వెంటపడ్డాను. ముగ్గురిలోనూ డిక్స్‌వెల్ నా మనసులో ఉండిపోయాడు.

ఆయన సుమారు 1607లో పుట్టాడు. ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో పినతండ్రి సర్ బేసిల్ డిక్స్‌వెల్ ఇంట పెరిగాడు. పినతండ్రి ఆస్తి అన్నగారు మార్క్‌కు వచ్చింది. మార్క్ చనిపోయాక ఆయన పసిపిల్లల బాధ్యత, ఎస్టేటు బాధ్యత జాన్ మీద పడ్డాయి. అన్న పిల్లలను సాకే బాబాయి అంటే మనకు వేరే వివరించాలా!

అప్పటికి దేశం రెండు ముక్కలైంది. చార్లెస్ రాజు 1629 నుంచి 1640 దాకా పదకొండేళ్ళు పార్లమెంటునే పిలవకుండా పాలించాడు. ఓడల కోసం రేవు ఊళ్ళు కట్టే పన్నును సముద్రం మొహం చూడని ఊళ్ళ మీద కూడా రుద్దాడు. తాను దేవుడికి తప్ప ఎవరికీ జవాబు చెప్పనక్కరలేదన్నది ఆయన నమ్మకం. 1642లో రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం మొదలైంది. డిక్స్‌వెల్ పార్లమెంటు పక్షాన నిలిచాడు. కెంట్ మిలీషియాలో కల్నల్ అయ్యాడు. 1646లో డోవర్ నుంచి పార్లమెంటు సభ్యుడయ్యాడు. క్రామ్‌వెల్ లాగా యుద్ధాలు గెలిచి పేరు తెచ్చుకున్నవాడు కాదు. కమిటీలు, పద్దులు, పన్నుల వసూళ్ళు చూసుకునే నమ్మకమైన మనిషి. మన అసోసియేషన్లు కూడా ఇలాంటివాళ్ళ భుజాల మీదే కదా నడిచేది!

1649 జనవరిలో రాజును విచారించడానికి హైకోర్టు ఒకటి ఏర్పాటైంది. దానికి 135 మంది పేర్లు ప్రకటించారు. చాలామంది ఏదో ఒక సాకుతో రాలేదు. పార్లమెంటు సైన్యాధిపతి ఫెయిర్‌ఫాక్స్ కూడా మొదట కనిపించి, తర్వాత మొహం చాటేశాడు. డిక్స్‌వెల్ తప్పుకోలేదు. తనను విచారించే హక్కు ఈ కోర్టుకు లేదంటూ రాజు జవాబు చెప్పడానికే ఒప్పుకోలేదు. జనవరి 27న తీర్పు వచ్చింది. మరణశిక్ష పత్రం మీద 59 మంది సంతకాలు పెట్టారు. వాటిలో డిక్స్‌వెల్ సంతకం ఒకటి. జనవరి 30న వైట్‌హాల్ ముందు, జనం చూస్తుండగా రాజు తల నరికారు.

ఆనాడు మన గోల్కొండను అబ్దుల్లా కుతుబ్ షా ఏలుతున్నాడు. చక్రవర్తుల్ని కొడుకులూ తమ్ముళ్ళూ దించడం, చంపడం మన చరిత్రలోనూ ఉంది. రాజు మీద నేరం మోపి, బహిరంగంగా కోర్టులో విచారించి, పేర్లతో సహా సంతకాలు పెట్టడం మాత్రం లోకానికే కొత్త.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ కోర్టు మచ్చ లేనిదేమీ కాదు. అంతకు ముందు నెలలోనే, 1648 డిసెంబరులో, రాజుతో రాజీ కోరుకునే సభ్యుల్ని సైన్యం పార్లమెంటు గుమ్మం దగ్గరే ఆపేసింది. మిగిలినవాళ్ళు వేసిన కోర్టు అది. అందుకని డిక్స్‌వెల్‌ను నేను దేవుణ్ణి చేయబోవడం లేదు. చట్టం పేరు చెప్పినవాళ్ళే చట్టాన్ని పక్కకు నెట్టిన సంగతి నిజం. రాజు కూడా చట్టానికి లోబడాలన్న మాట ఆనాడు గట్టిగా నిలబడిన సంగతీ నిజమే. రెండిటినీ కలిపే చూడాలి.

రాజు లేని రాజ్యం పదకొండేళ్ళు నడిచింది. డిక్స్‌వెల్ డోవర్ కోటకు గవర్నర్‌గా పనిచేశాడు. 1660లో చచ్చిన రాజు కొడుకు రెండవ చార్లెస్ గద్దెనెక్కాడు. లెక్కలు తేల్చడం మొదలైంది. అక్టోబరులో పది మందిని ఘోరంగా చంపారు. మరుసటి ఏడాది క్రామ్‌వెల్ శవాన్ని కూడా తవ్వి తీసి ఉరికొయ్యకు వేలాడదీశారు. డిక్స్‌వెల్ తనకు ఒంట్లో బాగాలేదనీ, లొంగిపోవడానికి గడువు కావాలనీ బంధువుల ద్వారా అర్జీ పెట్టించాడు. ఆ సందులో దేశం దాటాడు. చిత్రమేమంటే, ఆయన చేతుల్లో పెరిగిన అన్న కొడుకు బేసిల్‌కు అదే 1660లో కొత్త రాజు బారోనెట్ బిరుదు ఇచ్చాడు. బాబాయి తలకు గండం, అబ్బాయి తలకు తలపాగా!

డిక్స్‌వెల్ జర్మనీలోని హనావ్ ఊళ్ళో తలదాచుకున్నాడు. తోటి న్యాయమూర్తులు బార్క్‌స్టెడ్, ఓకీ కూడా అక్కడే ఉండేవారు. ఆ ఇద్దరూ భార్యల్ని కలుసుకోవాలన్న ఆశతో హాలండ్ వెళ్ళి, డెల్ఫ్ట్‌లో పట్టుబడ్డారు. 1662లో లండన్‌లో వారిని చంపేశారు. పట్టించినవాడు జార్జ్ డౌనింగ్. హార్వర్డ్ మొదటి బ్యాచ్ గ్రాడ్యుయేట్! లండన్‌లో బ్రిటిష్ ప్రధానులుండే డౌనింగ్ స్ట్రీట్ ఆయన పేరు మీదే ఉంది. ఇంటివాళ్ళను చూడాలనుకోవడం ప్రాణం మీదికి వస్తుందని డిక్స్‌వెల్‌కు ఇక వేరే ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

1665 ఫిబ్రవరిలో ఆయన మసాచుసెట్స్‌లోని హాడ్లీ ఊళ్ళో కనిపిస్తాడు. వేలీ, గాఫ్ అక్కడ ఒక పాస్టరు గారింట్లో దాక్కుని ఉన్నారు. వేలీకి గాఫ్ అల్లుడు. 1661లో రాజు మనుషులు వెతుకుతుంటే న్యూ హేవెన్ పక్కన వెస్ట్ రాక్ కొండ మీది రాళ్ళ మధ్య కొన్ని వారాలు గడిపిన మామా అల్లుళ్ళు వాళ్ళు. ఆ చోటును ఇప్పటికీ జడ్జెస్ కేవ్ అంటారు. వాళ్ళు బతికే ఉన్నారని రాజుకు తెలుసు, అందుకే వేట. డిక్స్‌వెల్ మాత్రం ఎక్కడో చచ్చిపోయి ఉంటాడని ఇంగ్లండ్ అనుకుంది. ఆయన్ను కాపాడింది ఆ పొరపాటే.

తర్వాత ఆయన న్యూ హేవెన్ చేరి జేమ్స్ డేవిడ్స్ అయ్యాడు. అజ్ఞాతవాసమంటే మనకు విరాటపర్వం గుర్తుకొస్తుంది. కంకుభట్టు, వలలుడు, బృహన్నల. పాండవులది ఒక్క ఏడాది, ముగిసే తేదీ ముందే తెలుసు. ఈయన గడువు ఎవరూ చెప్పలేదు. ఊళ్ళో అందరితో మర్యాదగా, తక్కువ మాటలతో, పుస్తకాలు చదువుకుంటూ గడిపాడు. పక్కింటి పాస్టరు జేమ్స్ పియర్‌పాంట్‌తో కంచె దగ్గర నిలబడి గంటల తరబడి మాట్లాడుకునేవాడని ఊరివాళ్ళు చెప్పుకున్నారు. 1673లో, ఆశ్రయమిచ్చిన లింగ్ గారు పోయాక, ఆయన భార్య జొవానాను పెళ్ళి చేసుకున్నాడు. కొద్ది వారాలకే ఆమె కన్నుమూసింది. 1677లో, డెబ్భై ఏళ్ళ వయసులో, బాత్‌షెబా హౌను పెళ్ళాడాడు. ముగ్గురు పిల్లలు పుట్టారు.

ఆ పిల్లలే ఆయన్ను ఇరకాటంలో పెట్టారని నాకనిపిస్తుంది. ఒంటరివాడికి మారుపేరు ఒక ముసుగు. తండ్రికి అది పిల్లలకిచ్చే ఇంటిపేరు. నిజం చెబితే తన తల పోతుంది, ఆశ్రయమిచ్చినవాళ్ళకూ ముప్పే. చెప్పకపోతే వంశమే తప్పుడు పేరుతో మిగులుతుంది. ఆయన మధ్యేమార్గం వెతుక్కున్నాడు. 1682లో అసలు పేరు, మారుపేరు రెండూ పెట్టి పత్రాలు రాసి దాచాడు. కెంట్‌లోని తన ఆస్తి మీద భార్యాబిడ్డల హక్కు చెప్పే పత్రాలవి. ఆస్తి దక్కుతుందన్న ఆశ పెద్దగా ఉండి ఉండదు. పిల్లలు ఎవరి పిల్లలో లోకానికి ఎప్పటికైనా తెలియాలన్నదే ఆయన ఆరాటమనుకుంటాను.

1689 మార్చి 18న ఆయన కన్నుమూశాడు. కోరుకున్నట్టే సమాధి రాయి మీద జె, డి అన్న రెండే అక్షరాలు, తేదీ, వయసు చెక్కారు. జాన్ డిక్స్‌వెల్‌కూ జేమ్స్ డేవిడ్స్‌కూ అవే పొడి అక్షరాలు! ఇంగ్లండ్‌లో రెండవ జేమ్స్ రాజు 1688 డిసెంబరులోనే పారిపోయాడు. డిక్స్‌వెల్ పోయిన సరిగ్గా నెలకు, ఏప్రిల్ 18న, బోస్టన్ జనం ఆ రాజు గవర్నర్ ఆండ్రోస్‌ను పట్టి జైల్లో పెట్టారు. ఆ ఒక్క నెలా బతికుంటే ఎంత సంతోషించేవాడో! అయినా ఆయనకు క్షమాభిక్ష దొరికేదని చెప్పలేం. తోటి న్యాయమూర్తి లడ్‌లో అదే ఏడాది ధైర్యం చేసి ఇంగ్లండ్ వెళ్ళి, మళ్ళీ పారిపోవలసి వచ్చింది.

ఇంకో ముచ్చట. రాజును చంపిన 1649లోనే బోస్టన్‌లో పుట్టిన ఎలైహు యేల్, డిక్స్‌వెల్ పోయేనాటికి మన మద్రాసులో కోట గవర్నర్. అక్కడ గడించిన డబ్బులో కొంత చేరాకే, 1718లో న్యూ హేవెన్ కాలేజీకి ఆయన పేరొచ్చింది. ఇటు సమాధి, అటు ఖజానా. లోకం చిన్నదన్నది ఈనాటి మాట కాదు.

తండ్రి పోయాక పిల్లలు డేవిడ్స్ వదిలి డిక్స్‌వెల్ అయ్యారు. కొడుకు జాన్ బోస్టన్‌లో వెండిపనిలో పేరు తెచ్చుకున్నాడు. 1849లో వారసులు న్యూ హేవెన్ గ్రీన్‌లో, సెంటర్ చర్చి వెనుక, పూర్తి పేరుతో స్మారకం కట్టించారు. పాత చిన్న రాయి దాని దగ్గరే ఉంది.

మనం ఇక్కడికి వచ్చింది ప్రాణభయంతో కాదు. వీసా స్టాంపు మీద మన అసలు పేరే ఉంది. అయినా కాఫీ షాపులో వెంకట సుబ్రహ్మణ్యం వెన్నీ అవుతాడు, ఇంటిపేరు ఒక పొడి అక్షరంలోకి ముడుచుకుంటుంది. అది తప్పని నేననను, సౌకర్యం కోసం అంతే. కానీ ఆ అక్షరం వెనక ఏ ఊరుందో, తాతలు దేనికోసం నిలబడ్డారో పిల్లలకు ఒక కాగితం మీదైనా రాసి పెట్టాలి. ఉరితాడు నీడలో బతికిన ముసలాయన ఆ పని చేయగలిగాడు. మనకు అడ్డేముంది?