పశువు రోగం, మనిషి రోగం ఒకటేనా? రాబర్ట్ కోచ్‌ను కడదాకా వెన్నాడిన ప్రశ్న

తిల్దా (రాయపూర్): హౌరా - ముంబాయి రైలు మార్గంలో రాయపూర్, బిలాస్‌పూర్‌ల నడుమ ఉన్న తిల్దా - నేవరా బియ్యపు మిల్లులకు పేరుమోసిన పట్టణం. ఊక ధూళిలో ఏళ్ల తరబడి పనిచేసే కూలీకి దగ్గు పట్టుకుంటే అది ధూళి వల్ల వచ్చిందో, క్షయ వల్ల వచ్చిందో పైకి చూసి చెప్పడం ఏ వైద్యునికీ సాధ్యం కాదు. దగ్గు రెండు వారాలకు మించి ఉంటే కళ్లె పరీక్ష చేయించాలన్నది జాతీయ క్షయ కార్యక్రమ నిబంధన. గాజు పలక మీద కళ్లెను పలుచగా పూసి, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద చూసినప్పుడు నీలి నేపథ్యంలో సన్నని ఎర్రని కడ్డీలు కనిపిస్తే అది క్షయ. ఈ పరీక్షకు మూలపురుషుడు జర్మనీకి చెందిన రాబర్ట్ కోచ్. క్షయ కారక సూక్ష్మజీవిని గుర్తించినట్లు ఆయన బెర్లిన్‌లో వెల్లడించిన మార్చి 24వ తేదీనే ప్రపంచ క్షయ దినంగా పాటిస్తున్నారు.

ఒక్కొక్క రోగానికి ఒక్కొక్క సూక్ష్మజీవి ఉంటుందని, దానిని వేరుచేసి, పెంచి, నిరూపించవచ్చునని లోకానికి చూపించిన వ్యక్తి కోచ్. అయితే పశువుల క్షయ మనిషికి సోకుతుందా అన్న ప్రశ్న వద్ద ఆయన తొలుత చెప్పినది ఒకటి, ఇరవై ఏళ్ల తరువాత చెప్పినది మరొకటి. తొలి మాటే నిజమని తేలేసరికి ఆయన జీవించి లేరు.

కోచ్ 1843 డిసెంబరు 11న హార్జ్ పర్వత ప్రాంతంలోని క్లౌస్థాల్ అనే గనుల పట్టణంలో జన్మించారు. తండ్రి గనుల శాఖలో అధికారి. పదముగ్గురు సంతానంలో ఆయన మూడవవారు. అయిదవ ఏట వార్తాపత్రికలు ముందు పెట్టుకుని తనంతట తానే చదవడం నేర్చుకున్నారని ఆయన జీవిత చరిత్రకారులు చెబుతారు. గోటింగెన్ విశ్వవిద్యాలయంలో 1866లో వైద్యపట్టా పొందారు. అక్కడ ఆయనకు గురువు జేకబ్ హెన్లె. అంటువ్యాధులకు కారణం కంటికి కానరాని జీవులేనని కోచ్ పుట్టకముందే ఊహించిన పండితుడాయన. అయితే గురువు వద్ద ఉన్నది ఊహ మాత్రమే. దానికి సాక్ష్యం సమకూర్చినవాడు శిష్యుడు.

ఫ్రాన్స్, ప్రష్యాల యుద్ధంలో వైద్య సేవలందించిన తరువాత కోచ్ 1872లో వోల్‌స్టీన్ అనే చిన్న పట్టణానికి జిల్లా వైద్యాధికారిగా వెళ్లారు. నేడది పోలండ్‌లో ఉంది. గ్రంథాలయం లేదు, సాటి శాస్త్రజ్ఞులు లేరు. నివాసముంటున్న నాలుగు గదుల ఇంట్లోనే ప్రయోగశాల. సూక్ష్మదర్శిని భార్య ఎమ్మీ ఇచ్చిన కానుక. పగలు రోగులను చూస్తూ, మిగిలిన వేళల్లో ఆ చుట్టుపక్కల పశువులను, గొర్రెలను కబళిస్తున్న ఆంత్రాక్స్ మీద ఆయన పరిశోధన సాగించారు. మన పల్లెల్లో దొమ్మ రోగమని పిలిచేది ఇదే.

దొమ్మ రోగంతో తొలి విజయం

చచ్చిన పశువుల రక్తంలో కడ్డీల వంటి ఆకారాలు ఉంటాయని అప్పటికే కొందరు చూశారు. అవే రోగానికి కారణమా, లేక రోగం వల్ల పుట్టినవా అన్నది మాత్రం తేలలేదు. కోచ్ చెక్క పుల్లలను సూదుల్లా చెక్కి, రోగంతో మరణించిన పశువు ప్లీహంలోని రక్తాన్ని వాటితో ఎలుకలకు ఎక్కించారు. ఎలుకలన్నీ చనిపోయాయి. ఆరోగ్యంగా ఉన్న పశువు రక్తం ఎక్కించిన ఎలుకలకు ఏమీ కాలేదు. ఇంతటితో ఆగితే రక్తంలోనే మరేదో విషం ఉందని వాదించడానికి వీలుంటుంది. అందువల్ల ఆయన ఎద్దు కంటి నుంచి తీసిన నీటిలో ఆ కడ్డీలను పెంచారు. ఒక చుక్క నుంచి మరో చుక్కలోకి మారుస్తూ అనేక తరాలు దాటించారు. చివరి చుక్కలో పశురక్తం ఆనవాలు లేదు, కడ్డీలు మాత్రమే ఉన్నాయి. వాటితోనూ ఎలుకలు చనిపోయాయి.

మరో చిక్కు కూడా ఈ పరిశోధనతోనే వీడింది. ఒకసారి దొమ్మ రోగం తగిలిన పచ్చికబయలు ఏళ్లు గడిచినా ప్రాణాంతకంగానే ఎందుకుంటుందో రైతులకు అంతుపట్టేది కాదు. పరిస్థితులు ప్రతికూలించినప్పుడు కడ్డీలు గట్టి పొర గల సిద్ధబీజాలుగా మారి మట్టిలో దీర్ఘకాలం బతుకుతాయని, పశువు శరీరంలో చేరగానే తిరిగి కడ్డీలవుతాయని కోచ్ కళ్లారా చూశారు. ముప్పై రెండేళ్ల ఈ పల్లె వైద్యుడు 1876 ఏప్రిల్ 30న తన ఎలుకలు, సూక్ష్మదర్శినితో సహా బ్రెస్లా వెళ్లి వృక్షశాస్త్రవేత్త ఫెర్డినాండ్ కోన్ ఎదుట ప్రయోగాలు చేసి చూపారు. ఆయన వ్యాసాన్ని అదే సంవత్సరం కోన్ తన పత్రికలో ప్రచురించారు.

కోన్ పేరు ఇక్కడ ఊరకనే వచ్చినది కాదు. బాక్టీరియాను ఆకారాన్ని బట్టి నాలుగు తెగలుగా 1872లోనే వర్గీకరించిన శాస్త్రవేత్త ఆయన. అయితే సూక్ష్మజీవులలో స్థిరమైన జాతులే లేవని, ఒకటి మరొకటిగా మారిపోతుందని కార్ల్ నేగెలి వంటి ఉద్దండులు వాదిస్తున్న కాలమది. నేగెలి మాట నిజమైతే ఫలానా రోగానికి ఫలానా క్రిమి అన్న మాటకే అర్థం లేదు. కోచ్ ప్రయోగాల్లో దొమ్మ రోగపు కడ్డీ ఎన్ని తరాలు దాటినా దొమ్మ రోగాన్నే కలిగించింది.

బెర్లిన్‌లోని సామ్రాజ్య ఆరోగ్య కార్యాలయంలో 1880లో నియమితులైన తరువాత కోచ్ దృష్టి పనిముట్ల మీదకు మళ్లింది. ద్రవంలో పెంచితే పలు రకాల సూక్ష్మజీవులు కలిసిపోతాయి. ఉడికించిన బంగాళాదుంప ముక్క మీద మాత్రం ఒక్కొక్క జాతి ఒక్కొక్క చుక్కగా, దాని రంగుతో అది విడిగా పెరుగుతున్నదని ఆయన గమనించారు. బంగాళాదుంప స్థానంలో జెలటిన్ వాడితే వేసవిలో కరిగిపోయేది. వంటింట్లో జెల్లీలకు వాడే అగార్‌ను ప్రయత్నించమని సూచించింది ఆయన సహచరుడు వాల్తర్ హెస్సె భార్య ఫ్యానీ. సముద్రపు నాచు నుంచి తీసే ఈ పదార్థం లేని సూక్ష్మజీవ ప్రయోగశాల ప్రపంచంలో నేటికీ లేదు. ఆమె పేరు మాత్రం పాఠ్యపుస్తకాలకు చాలా ఆలస్యంగా ఎక్కింది.

క్షయ క్రిమి దొమ్మ రోగపు కడ్డీ కంటే ఎంతో సన్ననిది. మామూలు రంగులు అంటవు, పెరుగుదల అతి నెమ్మది. కోచ్ ప్రత్యేకమైన రంగులద్దకపు పద్ధతిని కనిపెట్టి, వేడితో గట్టిపరచిన రక్తరసి మీద దానిని పెంచి, గినీ పందులకు ఎక్కించి క్షయను కలిగించారు. 1882 మార్చి 24న బెర్లిన్ శరీరధర్మ శాస్త్ర సంఘంలో ఈ సంగతి ప్రకటించినప్పుడు సభ నిశ్శబ్దమైందని, ఒక్క ప్రశ్న కూడా రాలేదని చెబుతారు. ఆనాటి మరణాలలో ఏడింట ఒక వంతు క్షయ వల్లనేనని ఆయన లెక్క. పశువుల్లో వచ్చే క్షయకు, మనిషి క్షయకు క్రిమి ఒకటేనని, పశువుల నుంచి మనిషికి సోకే ప్రమాదముందని ఆయన ఆ సందర్భంలోనే పేర్కొన్నారు. ఈ విషయాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి.

కలకత్తా చెరువు గట్టున

ఈజిప్టులో 1883లో కలరా ప్రబలడంతో జర్మనీ, ఫ్రాన్స్‌లు పోటాపోటీగా శాస్త్రజ్ఞుల బృందాలను పంపాయి. ఫ్రెంచి బృందంలోని యువకుడు లూయీ థూలియె అలెగ్జాండ్రియాలో కలరాతోనే మరణించారు. రెండు దేశాల మధ్య యుద్ధపు గాయాలు ఇంకా మానని ఆ రోజుల్లో కోచ్ ఆ అంత్యక్రియలకు హాజరై శవపేటికను మోసినవారిలో ఒకరయ్యారు. ఈజిప్టులో కలరా తగ్గుముఖం పట్టడంతో కోచ్ బృందం ఆ వ్యాధి ఏనాడూ వదలని కలకత్తాకు ప్రయాణమైంది.

డిసెంబరులో అక్కడికి చేరిన బృందానికి వైద్య కళాశాల ఆసుపత్రి పరిశోధనా క్షేత్రమైంది. 1884 జనవరి నాటికి కలరా క్రిమి శుద్ధ వర్ధనం కోచ్ చేతికి వచ్చింది. అది నిటారు కడ్డీ కాదు, కామా గుర్తులా వంపు తిరిగినది. కలకత్తా మురికివాడల్లోని చెరువు ఒకటి ఆయనను ప్రత్యేకంగా ఆకర్షించింది. చుట్టూ నివసించేవారు అందులోనే గుడ్డలుతికి, అందులోనే స్నానం చేసి, ఆ నీరే తాగుతున్నారు. కలరా చెలరేగిన రోజుల్లో ఆ నీటిలో కామా క్రిములు విస్తారంగా కనిపించాయి. రోగం తగ్గేకొద్దీ అవీ తగ్గాయి.

జంతువులకు మాత్రం కలరా సోకలేదు. దానితో, క్రిమిని ఎక్కించి రోగాన్ని తిరిగి పుట్టించాలన్న తన సొంత నియమానికే ఆయన ఇక్కడ మినహాయింపు ఇచ్చుకోవలసి వచ్చింది. బ్రిటిష్ ప్రభుత్వానికి ఈ నిర్ధారణ రుచించలేదు. కలరా నౌకల ద్వారా భారతదేశం నుంచి పాకుతుందని ఒప్పుకుంటే సూయజ్ దారిలో నౌకలను ఆపివేస్తారని, వాణిజ్యం దెబ్బతింటుందని భయం. అది పంపిన క్లైన్, గిబ్స్ సంఘం కోచ్ మాటను తోసిపుచ్చింది. జర్మనీ మాత్రం ఆయనకు లక్ష మార్కుల బహుమానమిచ్చింది. 1892లో హాంబర్గ్ నగరంలో కలరాకు 8,600 మంది బలికాగా, నదీజలాన్ని ఇసుక మడుల్లో వడపోసి వాడిన పొరుగు పట్టణం ఆల్టోనాలో రోగం అంతగా వ్యాపించకపోవడంతో వాదానికి చాలావరకు తెరపడింది. ఇదే క్రిమిని 1854లోనే ఇటలీ శాస్త్రజ్ఞుడు పచీని చూశారని తరువాత గుర్తించి, 1965లో దాని శాస్త్రీయ నామానికి ఆయన పేరు జోడించారు. అది మనిషిని చంపే తీరును, అంటే పేగులో వదిలే విషాన్ని, 1959లో నిరూపించింది కలకత్తాకే చెందిన శంభునాథ్ డే.

కీర్తి శిఖరాన ఉండగా కోచ్ చేసిన పెద్ద తొందరపాటు ట్యూబర్‌క్యులిన్. క్షయకు మందు దొరికిందని 1890లో ప్రకటించి, దాని తయారీని రహస్యంగా ఉంచారు. వేలాది రోగులు బెర్లిన్‌కు పరుగులు తీశారు. రోగం నయం కాలేదు సరికదా, కొందరు మరణించారు. మందుగా విఫలమైన ఆ పదార్థమే తరువాత పశువుల్లోనూ మనుషుల్లోనూ క్షయ సోకిందీ లేనిదీ తేల్చే చర్మ పరీక్షకు ఉపకరించింది.

దక్షిణాఫ్రికాలో పశువులను తుడిచిపెడుతున్న ముసర వ్యాధిని పరిశీలించేందుకు ఆయన 1896 చివరలో కింబర్లీ వెళ్లారు. అక్కడి నుంచి 1897లో ప్లేగు పరిశోధన నిమిత్తం బొంబాయి చేరారు. అదే ఏడాది హిమాలయాల్లోని ముక్తేశ్వర్‌లో ఉన్న సామ్రాజ్య బాక్టీరియా ప్రయోగశాలను, దాని అధిపతి ఆల్ఫ్రెడ్ లింగార్డ్ ఆహ్వానంపై సందర్శించారు. నేటి భారత పశువైద్య పరిశోధనా సంస్థకు అదే పూర్వరూపం. ముసర వ్యాధికి కారణం బాక్టీరియా కాదు, వైరస్. కోచ్ సూక్ష్మదర్శినికి అది అందేది కాదు. ప్రపంచం నుంచి ఆ వ్యాధి నిర్మూలన అయినట్లు 2011లో ప్రకటించారు.

లండన్ సభలో తలకిందులు

1901 జులైలో లండన్‌లో జరిగిన క్షయ మహాసభలో కోచ్ ఉపన్యాసం విన్నవారు నివ్వెరపోయారు. పశువుల క్షయ వేరు, మనిషి క్షయ వేరు, పాల వల్ల మనిషికి సోకడం అత్యంత అరుదు గనుక అందుకోసం జాగ్రత్తలు అనవసరమన్నది దాని సారాంశం. మనిషి కళ్లెలోని క్రిములను దూడలకు, పందులకు ఇచ్చి చూస్తే వాటికి జబ్బు చేయలేదన్నది ఆయన చూపిన ఆధారం. రెండు క్రిములకు భేదమున్నదన్న మాట నిజమే. అమెరికాకు చెందిన థియోబాల్డ్ స్మిత్ 1898లోనే ఆ భేదాన్ని స్పష్టపరిచారు. అయితే మనిషి క్రిమి పశువుకు హాని చేయనంత మాత్రాన పశువు క్రిమి మనిషికి హాని చేయదనడం తర్కానికి నిలవదు. పసిపిల్లలకు పశువు క్షయ ఎక్కించి చూసే ప్రయోగం ఎవరూ చేయలేరు. సభలో ఉన్న లిస్టర్ అక్కడికక్కడే తన అభ్యంతరం తెలిపారు. పచ్చిపాల మీద ఆంక్షలను వ్యతిరేకించేవారికి మాత్రం ఈ ఉపన్యాసం అనుకోని వరమైంది.

బ్రిటన్ ప్రభుత్వం ఆ సంవత్సరమే రాయల్ కమిషన్‌ను నియమించింది. ఈలోగా 1905లో కోచ్‌కు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. 1906-07లో తూర్పు ఆఫ్రికాలో అతినిద్ర వ్యాధికి ఆయన ప్రయోగించిన అటాక్సిల్ అనే మందు అధిక మోతాదుల్లో కొందరు రోగుల చూపు పోగొట్టింది. ఆయన చరిత్రలో మాసిపోని మచ్చ ఇది. 1908లో వాషింగ్టన్ మహాసభలోనూ పశువుల క్షయపై తన మాటకే కట్టుబడ్డారు. 1910 మే 27న బాడెన్ బాడెన్‌లో గుండె జబ్బుతో మరణించారు. చితాభస్మాన్ని బెర్లిన్‌లోని ఆయన పరిశోధనా సంస్థలోనే భద్రపరిచారు.

కమిషన్ తుది నివేదిక 1911లో వెలువడింది. పశువు క్షయ పాల ద్వారా మనుషులకు, ముఖ్యంగా పిల్లలకు సోకుతుందని అది నిర్ధారించింది. పాలు కాచి తాగే మన అలవాటు ఈ విషయంలో ఎంతో మేలు చేసింది. చిత్రమేమిటంటే, పిల్లలకు వేసే బి.సి.జి. టీకా పుట్టింది కూడా ఆవు క్షయ క్రిమి నుంచే. ఫ్రాన్స్‌లో కాల్మెట్, గెరాన్‌లు పదమూడేళ్లు ప్రయోగశాలలో పెంచి బలహీనపరచిన ఆ క్రిమి నుంచే 1948లో మద్రాసు గిండీలో నెలకొల్పిన ప్రయోగశాల మన దేశానికి టీకా తయారుచేసింది.

మైకోబాక్టీరియం బోవిస్ అనే ప్రత్యేక జాతి నామం ఆవు క్రిమికి 1970లో గాని స్థిరపడలేదు. జన్యుపటాలు సిద్ధమయ్యాక చూస్తే ఆ క్రిమికి, మనిషి క్షయ క్రిమికి 99.9 శాతానికి పైగా పోలిక ఉన్నట్లు తేలింది. ఆ స్వల్ప భేదమే చికిత్సలో పెద్ద చిక్కు తెస్తుంది. క్షయకు వాడే ప్రధాన ఔషధాల్లో ఒకటైన పైరజినమైడ్‌కు ఆవు క్రిమి సహజంగానే లొంగదు. పశువుల నుంచి సోకే క్షయ అంతటికీ బోవిసే కారణమనుకోవడానికీ వీలులేదు. వెల్లూరు వైద్య కళాశాలకు చేరిన నమూనాలను జన్యుపరంగా పరిశీలించిన శాస్త్రజ్ఞులకు అసలైన బోవిస్ కనిపించలేదని, ఓరిజిస్ అనే మరో దగ్గరి జాతి కనిపించిందని 2020లో వెల్లడైంది.

తిల్దాలోనైనా, తెలుగు జిల్లాల్లోని ఏ ఆరోగ్య కేంద్రంలోనైనా గాజు పలక మీద ఈ మూడూ ఒకే తీరు ఎర్రని కడ్డీలు. ఏది ఏదో తేలాలంటే నమూనా పెద్ద ప్రయోగశాలకు వెళ్లాలి. అక్కడ దానిని వారాల తరబడి పెంచి చూడాలి, లేదా జన్యు పరీక్ష చేయాలి.